పెరటివైపు కిటికీ

మొన్న ఎండాకాలంలో మా పెద్దమ్మాయి ఇంటికి వెళితే హాల్లో ఓ మూల తెల్లటి డబ్బా ఒకటి గుయ్యిమంటూ కనిపించింది. గాలిని శుభ్రం చేసే మిషనట. సాయంత్రం దుమ్ముగాలి లేచి తలుపులు కొట్టుకోగానే దాని మీది పచ్చలైటు ఎర్రగా మారింది. మా అమ్మాయి పరుగెత్తి కిటికీలు మూసింది. నాకేమో తిరుపతిలో మేం మొదట కాపురం పెట్టిన అద్దె గది, ఆ ఇంటి అవ్వ గుర్తొచ్చారు.

డెబ్బైల చివరి రోజులు. మా ఆయనకు బస్సు డిపోలో మెకానిక్ ఉద్యోగం దొరికితే వడమాలపేట పక్క పల్లె నుంచి మూటాముల్లె సర్దుకుని వచ్చేశాం. మా వాటాకు వచ్చింది పెంకులు కప్పిన ఒక గది, ముందు పొయ్యి పెట్టుకోను కాస్త వసారా. దానికి ఆనుకుని ఉన్న మిద్దె ఇంట్లో ఇంటావిడ ఒక్కతే ఉండేది. భర్త గుళ్ళో కైంకర్యం చేసి కాలం చేశాడట. మేమంతా ఆమెను అవ్వా అనేవాళ్ళం. నిప్పులు కడిగే మడి ఆవిడది. పొద్దెక్కాక పెరటి బావి దగ్గర స్నానం చేసి, తడిచీరతో తులసికి నీళ్ళు పోసి, వంట ముగించేదాకా మా చూపు అటు పడకూడదు. అందుకే మా గదికి పెరటివైపు కిటికీ లేదు. వీధివైపు ఒక్క తలుపే. మా పెద్దమ్మాయి అప్పుడు రెండేళ్ళ పాప. దాని బంతి అవ్వ వాకిట్లోకి దొర్లితే ఆవిడ ముట్టుకోకుండా, కర్రతో దొర్లించుకుంటూ తెచ్చి మా గడప ముందు వదిలేది. పాప అదో ఆట అనుకుని మళ్ళీ విసిరేది.

మా వీధికి అప్పటికింకా తారు పడలేదు. కాలువల కోసం తవ్విపోసిన ఎర్రమట్టి గుట్టలుగా ఉండేది. ఒక మధ్యాహ్నం ఆకాశం మసకబారి గాలి లేచింది. తలుపు మూసి గడియ పెట్టాను గానీ, పెంకుల సందుల్లోంచి జల్లెడ పట్టినట్టు మట్టి రాలుతూనే ఉంది. బయట గాలి తగ్గింది. గదిలోకి వచ్చిన దుమ్ముకు మాత్రం వెళ్ళే దారి లేదు. పక్కబట్టల మీద, పాలగిన్నె మీద, పాప కనుబొమల మీద ఎర్రటి పొర. ఊడుద్దామని చీపురు పట్టుకున్నానో లేదో పాపకు దగ్గుతెర మొదలైంది. దగ్గు ఆగాక గొంతులో పిల్లికూతలు. ఊపిరి తీసినప్పుడల్లా డొక్కలు లోపలికి గుంజుకుపోతున్నాయి. ఎత్తుకుని వీధిలోకొస్తే అక్కడా దుమ్మే.

"ఏమ్మే, ఆడ నిలబడి ఏడుస్తా ఉండావు? బిడ్డను ఈడికి తీసుకురా!" అవ్వ తన గుమ్మంలోంచి కేకేసింది.

"మీరు మడిలో ఉండారు గదవ్వా..."

"మడి పోతే మళ్ళా కట్టుకుంటా. బిడ్డ ఊపిరి అంతవరకు ఆగతాదా?" అంటూ గడప దిగి వచ్చి పాపను నా చేతుల్లోంచి లాక్కుంది.

మిద్దె కాబట్టి ఆవిడ లోపలి గదిలో అంత దుమ్ము లేదు. తలుపుకు తడిచీర వేలాడదీసి, పాపను నిటారుగా భుజానికి ఆనించుకుని వీపు రాస్తూ కూర్చుంది. ఎదురింటాయన సైకిలెక్కి వెళ్ళి డాక్టరును తీసుకొచ్చాడు. ఆయన సూది వేశాక పాప అవ్వ భుజం మీదే నిద్రపోయింది. మళ్ళీ ఆ గదిలో పడుకోబెట్టవద్దని డాక్టరు మరీ మరీ చెప్పి వెళ్ళాడు.

డ్యూటీ దిగి వచ్చిన మా ఆయన సంగతి వినగానే, "ఇల్లు ఖాళీ చేస్తామవ్వా" అన్నాడు.

"యాడికి పోతావబ్బా? అద్దె గదులన్నీ ఇట్లే ఉండాయి. నాలుగు దినాలు నా నడవలో పండుకోండి. ఆ గది సంగతి నేను సూస్తా" అంది అవ్వ.

మర్నాడే మేస్త్రీ వచ్చాడు. మా గదికి పెరటివైపు గోడ పగలగొట్టి కిటికీ పెట్టించింది అవ్వ. ట్రంకుపెట్టెలోంచి తన పాత తొమ్మిదిగజాల చీరలు తీసి నా ముందేసింది. ఇద్దరం కూర్చుని వాటిని ఒకటిగా కుట్టాం. మా ఆయన దాన్ని పెంకుల కింద పందిరిలా బిగించాడు. "ఊడిస్తే దుమ్ము మళ్ళా లేస్తాది, తడిగుడ్డతో తుడువు" అని నేర్పింది. కుడుతూ కుడుతూ ఉండబట్టలేక, "మరి మీ మడి ఎట్లవ్వా?" అని అడిగాను. దారం పంటితో కొరికి, "తెల్లారకముందే లేసి కానిచ్చుకుంటాలే" అంది. చలికాలంలోనూ అలాగే చేసింది. నేను కాళ్ళకు మొక్కబోతే, "లే లే, బిడ్డకు అన్నం పెట్టు పో" అని కసిరింది.

ఆయాసం ఒక్కసారిగా పోలేదు. రావడం తగ్గి, వచ్చినా తేలిగ్గా పోయి, బడికి వెళ్ళే వయసుకు పూర్తిగా మానిపోయింది. పాప కిటికీ చువ్వలు పట్టుకుని కబుర్లు చెబుతుంటే, అవ్వ స్తోత్రం మధ్యలో ఆపి జవాబిచ్చి, ఎక్కడ ఆపిందో మరిచిపోయి మళ్ళీ మొదటికొచ్చేది. అక్కడే మాకు ఇంకో బిడ్డ పుట్టింది. మేం సొంత ఇంటికి మారిన కొన్నాళ్ళకు అవ్వ పోయింది.

అప్పట్లో ఆవిడ నాకు పండుముసలిలా కనిపించేది. లెక్కేసుకుంటే, ఇప్పటి నా కన్నా చిన్నదే. ఏళ్ళ తరబడి పట్టుకున్న పద్ధతిని ఆ వయసులో, పరాయి బిడ్డ కోసం, ఒక్క పూటలో మార్చుకోవడం ఎంత పెద్ద పనో నేనూ ఆ వయసుకు వచ్చాకే తెలిసింది.