చివరి తొమ్మిది చుక్కలు

ప్రయోగశాలలో అందరూ ఆమెను తొట్టక్క అనేవాళ్లు. పంతొమ్మిదో ఏట గాజుసామాను కడిగే పనికి చేరి, ముప్పయ్యేళ్లు తిరిగేసరికి నీటితొట్టికి సర్వాధికారి అయింది. ఆ గాజుతొట్టిలో నీటి వేడి డిగ్రీలో వెయ్యోవంతు కూడా అటూ ఇటూ కాకూడదు. ఆమె చెయ్యి పడిందంటే ఇక కదిలేది కాదు. ఇంట్లో మాత్రం రోజూ పాలు పొంగిస్తుందని భర్త ఆటపట్టించేవాడు.

ఒక ఏడాది ఆ తొట్టిలో సీలు వేసిన గాజుగొట్టం వేలాడదీశారు. లోపల ఉప్పు కలిసిన ద్రవం, రెండు పొరలుగా. వేడి పెరిగేకొద్దీ పొరల మధ్య తేడా తగ్గి, ఒకచోట రెండూ కలిసిపోతాయి. ఆ తేడా ఏ లెక్కన తగ్గుతుందో కొలవాలి. గ్రాఫులో ఒక్కో చుక్క పెట్టడానికి ఎనిమిది గంటలు ఆగాలి. గ్రాఫు మీద చుక్కలు దారం లాగి పట్టినట్టు వచ్చాయి, చివరి తొమ్మిది తప్ప. అవి పక్కకు ఒంగాయి.

"వాటిని తీసేద్దామక్కా," అన్నాడు పరిశోధక విద్యార్థి. "పొరలు కలిసే అంచుకొచ్చేసరికి తొట్టి కుదురుగా లేనట్టుంది."

ఆమెకు ఒళ్లు మండింది. పైకి మాత్రం నెమ్మదిగానే అంది: "తొట్టిని అనే ముందు ఇంకో గొట్టంతో చూద్దాం బాబూ."

గొట్టం మార్చింది, థర్మామీటరు మార్చింది. ఈసారి వేడి తగ్గిస్తూ కొలిచింది. ఆరు వారాలు పట్టింది. చెల్లెలి కూతురి కాన్పుకు పొద్దున వెళ్లి మధ్యాహ్నానికే వచ్చేసింది; చెల్లెలు నెల రోజులు మాట్లాడలేదు. గీత మళ్లీ అక్కడే ఒంగింది.

ప్రొఫెసరుగారు రెండు గ్రాఫులనూ ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ అద్దానికి ఆనించి చూశారు.

"తొట్టి తప్పేం లేదమ్మా. పొరలు కలిసే చోటుకు దూరంగా ఉన్నంతసేపు ప్రతి అణువూ గుంపు మొత్తం సగటును బట్టి నడుస్తుంది. బాగా దగ్గరికొస్తే, చోటుచోటుకీ వచ్చే ఎగుడుదిగుళ్లదే పెత్తనం. అప్పుడు మామూలు ద్రవాల లెక్కే దీనికీ వర్తిస్తుంది. ఒక కోవలోంచి ఇంకో కోవలోకి దాటడమన్నమాట."

"మరి ముందొచ్చిన లెక్క తప్పాండీ?"

"కాదు. దాని హద్దులో అది సరైనదే."

"సరిగ్గా ఎక్కడ దాటింది?"

"ఫలానా చోటని చెప్పలేం. మెల్లమెల్లగా దాటింది."

వ్యాసం అచ్చయ్యాక విద్యార్థి దాన్ని స్వయంగా ఇంటికి తెచ్చిచ్చాడు. కృతజ్ఞతల్లో ఆమె పేరుంది. "తొందరపడి అన్నానక్కా," అన్నాడు.

"పోనీలే. తొట్టిలో నీళ్లు కలియతిప్పే మోటారు బెల్టు అరిగిపోయింది, రెండేళ్లుగా అడుగుతున్నా. ఆ సంగతి చూడు."

వారంలో బెల్టు వచ్చింది. ఆమె తొట్టి ఖాళీ చేసి, గాజు తుడిచి, బెల్టును తన చేత్తోనే బిగించింది.