మామగారు, మునిగిన గల్లీ, ఒక పాత కాసెట్

పాత వీడియో గేములు బాగుచేసే పెద్దాయన ఉన్నారా అని ఇంకా ఫోన్లు వస్తూనే ఉన్నాయి. లేరండీ అని చెబుతున్నాను. పోయిన వారం పొద్దున చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టబోతూ కుర్చీలోనే పక్కకు ఒరిగిపోయారు. అంబులెన్సు మా గల్లీలోకి రాలేక పెద్ద రోడ్డు మీదే ఆగింది. మా ఆయనా, పక్కింటివాళ్ళూ కలిసి కుర్చీతో సహా మోసుకుపోయారు. ఆసుపత్రిలో డాక్టరు నాడి చూసి తల అడ్డంగా ఊపాడు.

ఈ మాట చెప్పగానే చాలామంది ఒకటే అడుగుతారు. "మరి ఇగ ఎవరికియ్యాలె?" ఆయన గురించి చెప్పడానికి నాకు చాలా ఉంది.

ఆయన మా మామగారు. శాలిబండలో మేముండే ఇంటి కింది గది ఆయన షాపు. దానికి బోర్డు లేదు. ఒక ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారు. తర్వాత టీవీలు బాగుచేశారు. టీవీలు పల్చబడి గోడకు అంటుకున్నాక ఆ పని తగ్గిపోయింది. అప్పుడెవరో ఏళ్ళ తరబడి అటక మీద పడున్న టీవీ గేమ్ ఒకటి తెచ్చి, బాగవుతుందా అని అడిగారు. విప్పి, కడిగి, నడిపించారు. ఆ కబురు నోటా నోటా పాకింది. మలక్‌పేట నుంచీ, ఇంకా ఎక్కడెక్కడి నుంచో నడివయసు మనుషులు ప్లాస్టిక్ సంచులు పట్టుకుని వచ్చేవారు. గడపలో నిలబడి, పరీక్ష ఫలితం కోసం చూసే పిల్లల్లా ఆయన ముఖంలోకి చూసేవారు.

ఆయన మొదట అడిగేది ఎప్పుడూ ఒకటే.

"ఆన్ చేసినవా?"

"ఒక్కసారే అంకుల్. నడుస్తదేమోనని..."

"ఇన్నేండ్లు దుమ్ముల పడున్నదానికి సీదా కరెంటిస్తవా? లోపట బొద్దింకలున్నయో, తడున్నదో ఏమెర్క? చూసి ఆన్ చెయ్యాలె. ఆన్ చేసి చూసుడు కాదు."

అంత గట్టిగా తిట్టి, ఆ వెంటనే స్టూలు జరిపి కూర్చోమనేవారు. మూత విప్పగానే లోపలి సర్క్యూట్ బోర్డు దగ్గరికి ముక్కు తీసుకెళ్ళి వాసన చూసేవారు. చేపల వాసన వస్తే లోపలేదో కారిందని అర్థం. ఆయన ముందు ఎవరైనా గేమ్‌లో దూర్చే ఆట కాసెట్ తీసి ఉఫ్‌మని ఊదారా, ఇక అయిపోయారు. "నోట్లె తడుంటది. దుమ్ము పోదు, తుప్పు పడ్తది!" పంటి బ్రష్షు, స్పిరిట్, పెన్సిల్ రబ్బరు, ఇవే ఆయన ఆయుధాలు. గేముల పై డబ్బాలను మాత్రం కుంకుడు రసంతో తోమేవారు. దాని మీద మా అత్తయ్య రోజూ గొడవ పడేది. "నా తలకు లెవ్వు గని ఆ డబ్బలకు తలంట్లు!"

మా నాన్న ఏలూరు నుంచి ఉద్యోగానికి ఈ ఊరు వచ్చారు. నేను సంతోష్‌నగర్‌లో పెరిగి, ఈ ఇంటికి కోడలిగా వచ్చాను. ఆయన బల్ల దగ్గర కూర్చుంటానని ఎప్పుడూ అనుకోలేదు. కూర్చోబెట్టింది ఆయన చేతి వణుకు. కుడిచెయ్యి ఊరికే ఉన్నప్పుడూ కదులుతూనే ఉండేది. మందులు నడకను కొంత సర్దాయి కానీ చేతిని ఆపలేకపోయాయి. ఒక సాయంత్రం చాయ్ తీసుకుని కిందికి వెళ్తే, ఆయన నేల మీద మోకాళ్ళానించి జారిపోయిన స్క్రూ కోసం తడుముతున్నారు. తీసిచ్చాను.

"నీ కండ్లు మంచిగున్నయ్ బిడ్డా. కూసో" అన్నారు.

అలా కూర్చున్నాను. స్కూలు ఆఫీసులో నా పని అయ్యాక రోజూ కిందికి దిగేదాన్ని. విప్పడం, తోమడం, తుడవడం అన్నీ నాకు ఇచ్చారు. టంకం పెట్టే సోల్డరింగ్ పని మాత్రం ఇవ్వలేదు. మోచెయ్యి బల్లకు అదిమి, ఊపిరి బిగబట్టి తనే పెట్టేవారు. ఒక్కోసారి కుదిరేది. కుదరనప్పుడు సోల్డరింగ్ ఐరన్ పక్కన పెట్టి, గోడ వైపు తిరిగి కూర్చునేవారు.

ఒక వానాకాలంలో పక్క గల్లీలో ఉండే టీచరమ్మ ఒకావిడ వచ్చింది. దుపట్టాలో చుట్టిన గేమ్ పెట్టెను బల్ల మీద పెట్టి, ఆయన అడగకముందే చెప్పింది.

"పాడయ్యాక మళ్ళీ ఆన్ చేయలేదు చాచా. మీరు తిడతారని విన్నా."

ఆయన మీసాల్లో నవ్వుకున్నారు.

ఆ గేమ్ వాళ్ళ నాన్న గల్ఫ్ నుంచి తెచ్చింది. సెలవుల్లో ఇంటికి వచ్చినప్పుడల్లా తండ్రీ కూతురూ కలిసి ఆడేవారట. కొండలు, ఊళ్ళు, నదులు దాటుతూ ఒక మనిషి నడిచిపోయే ఆట. ఎక్కడ ఆపితే అక్కడే గుర్తుపెట్టుకుంటుంది. చివరిసారి విమానం ఎక్కబోయే ముందు ఆ తండ్రి ఒక వంతెన దగ్గర ఆట ఆపి, మళ్ళీ వచ్చాక దాటుదాం అన్నాడట. గల్ఫ్‌లో పనిచేసే చోటే ఆయన గుండె ఆగిపోయింది. మళ్ళీ రాలేదు. ఆవిడ అప్పుడప్పుడూ ఆట పెట్టి, వంతెన దగ్గర నిలబడ్డ ఆ మనిషిని చూసి ఆపేసేదట. ఒక్క అడుగు కూడా ముందుకు వేయించలేదు. ఈమధ్య పెట్టె అసలు పనిచేయడం లేదు.

పెట్టెలో నిజంగానే బొద్దింకలున్నాయి. కొన్ని రోజులు పట్టింది, అంతా శుభ్రం చేసి బతికించాం. అసలు కష్టం కాసెట్ విప్పాక తెలిసింది. అలాంటి కాసెట్లలో చిన్న బిళ్ల బ్యాటరీ ఉంటుంది. ఆట ఎక్కడ ఆగిందో దాని బలంతోనే గుర్తుంటుంది. మామగారు మీటరు పెట్టి చూసి, చాలాసేపు ముల్లు వైపే చూస్తూ ఉండిపోయారు.

"ఏమైంది చాచా?" అంది గేమ్ తీసుకుపోదామని వచ్చిన టీచరమ్మ.

"పానం ఉన్నది బేటీ. గని జర్రంతనే ఉన్నది. మార్చకుంటే పోతది, అది పక్కా. మారుస్తుంటే గూడ పోవచ్చు. నేను మాటియ్య."

ఆవిడ కాసెట్‌ను ఆయన వైపు జరిపింది. "మార్చండి. నేను ఉండగానే మార్చండి."

బ్యాటరీ మార్చే రోజు ఆవిడ సెలవు పెట్టుకుని వచ్చింది. పొద్దుటి నుంచీ మబ్బే. మామగారు రెండు పెన్సిల్ సెల్లులకు తీగలు కట్టి, వాటిని క్లిప్పులతో బోర్డుకు తగిలించారు. పాత బ్యాటరీ తీసి కొత్తది పెట్టేదాకా కాసెట్‌కు ఆ సెల్లులే దిక్కు. క్లిప్పు ఒక్క క్షణం ఊడినా లోపలున్నదంతా చెరిగిపోతుంది. పాత బిళ్ల బయటికి వచ్చేసరికి వాన అందుకుంది. మామూలు వాన కాదది. గల్లీలో ఎవరో అరుస్తున్నారు. చూస్తుండగానే గడప మీదుగా నల్లటి నీళ్ళు లోపలికి వచ్చాయి.

అప్పుడే కరెంటు పోయింది.

నీళ్ళు మడమలు దాటాయి. బల్ల కింది అరలో ఆయన ఏళ్ళుగా పోగేసిన పాత రిమోట్లు, బోర్డులు, విడిభాగాలు డబ్బాల నిండా ఉన్నాయి. నేను వాటి వైపు వంగాను.

"అవి పోనియ్! గిది పట్టు" అని మామగారు అరిచారు. "కదిలియ్యకుంట మీదికి తీస్కపో. నా చెయ్యితోని కాదు."

కాసెట్ బోర్డునూ, కొత్త బిళ్లనూ, సెల్లులనూ, తీగలనూ కలిపి ఒక స్టీలు పళ్ళెంలోకి జరిపాం. నేను పళ్ళెం పట్టుకుని మెట్లెక్కాను. అంత నెమ్మదిగా ఆ మెట్లు ఎప్పుడూ ఎక్కలేదు. వెనకాల టీచరమ్మ గేమ్ పెట్టెను గుండెకు హత్తుకుని వస్తోంది. మామగారు గోడ పట్టుకుని ఎక్కుతూ, "చూస్కో బిడ్డా, చూస్కో" అంటూనే ఉన్నారు.

వంటింటి గట్టు మీద పళ్ళెం పెట్టి ఫోన్ లైటు వేసి చూశాను. ఒక తీగ క్లిప్పు దగ్గర తెగిపోయి, వెంట్రుకంత పోగు మీద వేలాడుతోంది. నేను రెండు వేళ్ళతో దాన్ని క్లిప్పుకు అదిమి పట్టుకున్నాను.

"ఇడువకు" అన్నారు మామగారు. ఈసారి అరవలేదు. ఆ నెమ్మదికి నాకింకా భయమేసింది. "ఇంకో తీగ కడ్తమంటే కదిలియ్యాలె. కదిలిస్తె పాయె. కొత్త బిళ్ల ఇప్పుడే అతికియ్యాలె."

"కరెంటు లేదు కదా మామయ్యగారూ!"

ఆయన కిటికీ వైపు చూశారు. కిటికీ రెక్క కొట్టుకోకుండా అత్తయ్య అడ్డంగా పెట్టుకున్న కర్రపిడి ఉన్న లావుపాటి రాగి కడ్డీ అక్కడుంది. ఆయన పని నేర్చుకునే రోజుల్లో బొగ్గుల మీద కాల్చి టంకం పెట్టిన కడ్డీ అట అది. అత్తయ్య అడగకుండానే దాన్ని తీసి, గ్యాస్ వెలిగించి, మంట మీద పెట్టింది.

నేను తీగ వదలలేను. టీచరమ్మ లైటు పట్టుకుంది. ఆవిడ చేతికి టంకం పెట్టడం రాదు. ఇక మిగిలింది ఆయనే. కాలిన కడ్డీ అందుకోగానే ఆయన చెయ్యి ఎప్పటికంటే ఎక్కువగా ఊగింది. కడ్డీ కొస బోర్డు మీద గాలిలో అటూ ఇటూ తిరుగుతోంది. పక్కన తగిలితే బోర్డు మాడిపోతుంది. ఆయన కడ్డీ వెనక్కి తీసుకున్నారు. మళ్ళీ గోడ వైపు తిరుగుతారేమో అనుకున్నాను.

"నాతోని కాదే" అన్నారు అత్తయ్యతో.

ఆ బల్ల మీద పనిని జీవితమంతా తిట్టిన మనిషి మా అత్తయ్య. కొంగు నడుములో దోపి, ఆయన వెనక నిలబడి, రెండు చేతులతో ఆయన మణికట్టును గట్టిగా పట్టుకుంది.

"నేను పట్టిన. నువ్వు పెట్టు."

"గట్టిగ పట్టినవా?"

"పెట్టంటున్న గదా!"

కొత్త బిళ్ల మొదటి కాలు అతికింది. చిన్న పొగ లేచింది. కడ్డీ చల్లారిపోయింది. మళ్ళీ మంట మీద పెట్టారు. నా వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి. టీచరమ్మ పెదవులు కదులుతున్నాయి, దువా చదువుతోందేమో. రెండోసారి అత్తయ్య తన గడ్డాన్ని ఆయన భుజానికి ఆనించి, ఒంటి బరువంతా వేసి ఆపింది. ఇద్దరి చేతులూ కలిసి ఒక చెయ్యిలా కిందికి దిగాయి. రెండో కాలు కూడా అతికింది.

"ఇడువు బిడ్డా" అన్నారు.

వదలడానికి నాకు ధైర్యం చాలలేదు. అత్తయ్యే వచ్చి నా వేళ్ళు విప్పింది.

అయినా ఆట బతికిందో లేదో తెలియలేదు. ఆ రాత్రి కరెంటు రాలేదు. గల్లీలో నడుము లోతు నీళ్ళు. టీచరమ్మ వాళ్ళమ్మకు ఫోన్ చేసి చెప్పి మా ఇంట్లోనే ఉండిపోయింది. అన్నం ముందు కూర్చుంది కానీ తినలేదు. ఆవిడ "బతికుంటుందా చాచా?" అని అడిగితే మామగారు "ఎర్క లేదు బేటీ" అన్నారు. ఊరడించడం కోసమైనా అబద్ధం చెప్పలేదు.

మర్నాడు ఎండ కాసింది. నీళ్ళు బురద వదిలి వెనక్కి వెళ్ళాయి. మధ్యాహ్నం కరెంటు వచ్చింది. కాసెట్ పెట్టి మీట నొక్కితే టీవీ మీద బూడిద రంగు తప్ప ఏమీ రాలేదు. టీచరమ్మ కళ్ళు మూసుకుంది. మామగారు కాసెట్ తీసి, పెన్సిల్ రబ్బరు నా చేతికిచ్చారు. "కాసెట్ మొన చూడు, చెమ్మ పట్టింది." రుద్దాను. స్పిరిట్‌తో తుడిచాను. ఆరేదాకా ఆగమన్నారు. ఆగాం. మళ్ళీ పెట్టాం.

పాట మొదలైంది. ఆపిన ఆటలు దాచుకునే మూడు గడులు కనిపించాయి. మొదటి గడిలో ఆవిడ తండ్రి పెట్టిన పేరు ఉంది. నొక్కితే వంతెన, వంతెన ముందు నిలబడ్డ మనిషి.

ఆవిడ ఏడవలేదు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని చూస్తూ కూర్చుంది. ఎప్పటిలా ఆపేయమంటుందని అనుకున్నాను.

"ఆడవా?" అన్నారు మామగారు.

"ముందుకు పోతే మా అబ్బా ఆపిన చోటు పోతుంది కదా చాచా."

"గదెట్ల పోతది? కింద రెండు గడులు ఖాళీ ఉన్నయ్. దీన్ని నకలు తీసి రెండో దాంట్ల పెట్టు. ఒకటి మీ అబ్బాది. గట్లనే ఉండనీ. ఇంకోటి నీది."

ఇన్నేళ్ళూ ఏది నొక్కితే ఏమవుతుందోనని ఆ పక్క మీటల జోలికే పోలేదట ఆవిడ. ఇప్పుడు మామగారు చూపించిన మీట మీద బొటనవేలు పెట్టి, నా వైపు చూసి, నొక్కింది. కింది గడిలో అదే పేరు మళ్ళీ వచ్చింది. కాసేపటికి తెర మీది మనిషి వంతెన మీద మొదటి అడుగు వేశాడు. ఆవిడ గొంతులోంచి నవ్వో, ఏడుపో తెలియని చప్పుడు వచ్చింది.

ఆ తర్వాత మామగారు మళ్ళీ టంకం పెట్టలేదు. ఐరన్ నా చేతికిచ్చి, పక్కన కూర్చుని తిట్టారు. "చెయ్యి గట్ల గుంజకు, అది నీ జడ కాదు." ఆ తిట్ల వల్లే నాకీ పని కొంత వచ్చింది. ఆయనకు వచ్చినంత రాలేదు.

కాసెట్ బతికిన ఆ మధ్యాహ్నం టీచరమ్మ కృతజ్ఞతలు చెబుదామని తల తిప్పేసరికి ఆయన అక్కడ లేరు. మేడ మీదికి వెళ్ళి చూశాను. నీట మునిగిన డబ్బాలను మా ఆయన పొద్దున్నే పైకి మోశాడు. అందులోని రిమోట్లన్నీ బురద కడుక్కుని ఎండలో వరుసలుగా పడున్నాయి. మామగారు లుంగీ పైకి కట్టి వాటి మధ్య గొంతుక్కూర్చున్నారు. ఒక్కోదాన్ని తీసి, చెవి దగ్గర పెట్టుకుని, మెల్లగా ఊపి, లోపల ఇంకా నీళ్ళున్నాయా అని కళ్ళు మూసుకుని వింటున్నారు.