అవకాశాలు మెండు

"అవకాశాలు మెండుగా ఉన్నాయి" అన్న మాట ఎక్కడ కనవడ్డా నాకు ఇప్పటికీ చెయ్యి దురదవెడ్తది. రాసినోన్ని పట్టుకొని నాలుగు పీకాలె అనిపిస్తది. ముందుగాల పీకాల్సింది నన్నే. గది నాకు తెలుసు. తెలిసినా కోపం తగ్గదు.

జగిత్యాలల టవర్ కాడ ఒక మొబైల్ షాపు మీద మా ఆఫీసు గది. గందుల నాలుగు కంప్యూటర్లు, ఒక వెబ్‌సైటు, దానికి తోడు ఒక వీడియో ఛానెల్. కోరుట్లల పొద్దున బస్సెక్కి పోయి, పొద్దుగూకంగ తిరిగొచ్చేదాన్ని. ఇంకా రాని వస్తువులకు ధర, తారీఖు రాసుడు నా పని. కొత్త ఫోను ఎప్పుడస్తది, కొత్త బండి ఎంతుంటది. అన్నిట్ల ఎక్కువ మంది చూసేది మాత్రం కొత్త గేమ్ కన్సోల్ ముచ్చట. టీవీకి తగిలిచ్చి ఆడే డబ్బ. మా అవ్వ దాన్ని ఆటడబ్బ అనేది. దాన్ని చేసే కంపెనీ ఒక్క ముక్క చెప్పలే. నేను మాత్రం వారానికి రెండుసార్లు చెప్పాలె. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

"నీకెట్ల తెలుస్తదే?" అని అవ్వ బీడీలు చుట్టుకుంట అడిగేది. నెట్‌ల చూస్త అని చెప్పేదాన్ని. ఏం చూసుడు? పాత డబ్బ ధరకు ఐదు వేలు కలుపుడు, చివరకు తొమ్మిది వందల తొంభై పెట్టుడు. తారీఖంటే దీపావళికి ముందు శుక్రారం. కింద ఒక వాక్యం: "విశ్వసనీయ వర్గాల సమాచారం మేరకు, ఈ నెలాఖరులోగా ప్రకటన వెలువడే అవకాశాలు మెండుగా ఉన్నాయి." గా విశ్వసనీయ వర్గాలు నేనే, బస్సుల కిటికీ పక్క సీటు దొరికిననాడు. ఛానెల్ నడిపే సారుకు గా వాక్యం మస్తు నచ్చింది. పెద్ద అక్షరాలల్ల ప్రింటు తీసి గోడకు అంటిచ్చిండు, అందరు గిట్లనే రాయాలని.

తారీఖు తెల్వకుండ ఎదురుచూసుడు మాకేం కొత్త కాదు. మాది సిరిసిల్ల. బాపు సాంచెల మీద బట్ట నేసేటోడు. సర్కారు బతుకమ్మ చీరెల ఆర్డర్ ఎప్పుడస్తదని ఊరంత ఎదురుచూసేది. చాయ్ హోటల్ల కూసున్న ప్రతి ఒక్కడు ఒక తారీఖు చెప్పేటోడు. వచ్చే సోమారం, పక్కా. గట్ల ఎన్ని సోమారాలు పోయినయో. సాంచెలు బందైనయి. బాపు పోయిండు. అవ్వ తన పుట్టినూరు కోరుట్లకొచ్చి బీడీలకు కూసున్నది, అన్న దుబాయి పోయిండు. మా దిక్కు ఏ దేశం పోయినా దుబాయే. గా పక్కా సోమారాలు చెప్పేటోళ్లను తిట్టుకుంట పెరిగినదాన్ని నేను. పెరిగి పట్టుకున్న పని గదే. సిగ్గుండాలె.

అన్న అక్కడ ఒక పెద్ద గోదాంల ఎలక్ట్రానిక్ సామాన్లు దించేటోడు. చిన్నప్పుడు సిరిసిల్లల కిరాయికి వీడియోగేమ్ ఆడిచ్చే షాపుల బువ్వ మరిచి కూసుంటే, బాపు చెవి పట్టుకొని గుంజుకొచ్చేటోడు. గా పిచ్చి పోలే. నేను రాసినయన్ని సదివేటోడు. "ఒక్కటన్న కరెక్టు చెప్పరాదే చెల్లె," అని నవ్వేటోడు.

దీపావళి వచ్చింది, పోయింది, డబ్బ రాలే. కామెంట్లల తిట్లు మొదలైనయి. "గీమెను వంటింట్లకు తోలుండ్రి" అని రాసిండొకడు. సారు గవన్ని అందరి ముంగట నాతోనే గట్టిగ సదివిపిచ్చిండు. "చెల్లె, జనానికి నిజం కావాలె," అన్నడు. నన్ను చెల్లె అనే పిలిచేటోడు, వాని నోట్ల మన్నువడ. రెండేండ్ల సంది అబద్ధానికి జీతమిచ్చినోడు ఒక్కపారిగ నిజం అడిగితే ఎక్కడికెళ్లి తేవాలె?

గా వారమే, శుక్రారం నాడు, అన్న వాయిస్ మెసేజ్ వెట్టిండు. "చెల్లె, నీ ఆటడబ్బలు అచ్చినయే. నా చేతులతోనే దించిన. అట్టపెట్టె మీద ధర చీటి గూడ ఉన్నది. ఫలానా తారీఖు దాక తెరవద్దని కాయితం అంటిచ్చిన్రు. నీకే చెప్తున్న, ఎవ్వలకు చెప్పకు, నా నౌకరి పోతది." గొంతుల సంబురం దాగుతలేదు. బాపు చెవి గుంజిన వయసు గొంతే అది.

చెప్పొద్దని నాకు తెలుసు. అయినా చెప్పిన. నాతోని తిట్లు సదివిపిచ్చినోని నోరు మూపియ్యాలని చెప్పిన. సోమారం పోంగనే ధర, తారీఖు రాసిచ్చిన, అన్న ముచ్చట రాయలే. "ఎవలు చెప్పిన్రు? సబూతేది?" అన్నడు సారు. మెసేజ్ వినిపిచ్చిన, ఒక్కసారే. ఆయన ఫోను బల్ల మీద బోర్లేసి ఉన్నది. అది రికార్డు చేస్తున్నదన్న అనుమానం నాకు రాలే. దానికి తోడు ఒక ధీమా గూడ ఉండె నాకు. మనం తెలుగుల పెట్టింది గా దేశంల ఎవలు చూస్తరు, అరబ్బోడు చూస్తడా అని.

పగటాలకు వీడియో వచ్చింది. "గోదాం నుంచి మన సోదరుని మాటల్లోనే." అన్న గొంతు మొదటి నుంచి చివరి దాక ఉన్నది. "ఎవ్వలకు చెప్పకు" అన్నది గూడ ఉన్నది.

గా గోదాంల సగం మంది మా దిక్కోళ్లే. కోనరావుపేటోళ్లు, ఇబ్రహీంపట్నమోళ్లు. సూపర్‌వైజర్ మల్యాలాయన. నాకు తెల్వదా అంటే తెలుసు. ఇక్కడ అరబ్బీ రాకున్నా బతుకుతరు, తెలుగు రాకుంటేనే తిప్పలని అన్ననే ఎన్నోసార్లు చెప్పిండు. నవ్విన, మరిచిన. ఒక్క పూటల వీడియో తిరిగి తిరిగి వాళ్ల రూముల గ్రూపులకే పోయింది. రోజు పక్కన కూసోని చాయ్ తాగే మనిషి గొంతు మల్యాలాయన గుర్తువట్టడా? పైకి చెప్పిండు. చెప్పకుంటే ఆయన నౌకరి పోయేది, ఆయన్ను నేనేమనను.

ధర కరెక్టయింది. తారీఖు గూడ కరెక్టయింది. రెండేండ్లు అబద్ధాలు రాస్తే ఎవ్వలకు ఏం కాలే. ఒక్కనాడు నిజం రాస్తే మా అన్న నౌకరి పోయింది. నౌకరి తీసి ఇంటికి పంపినా బాగుండు. పంపలే. విచారణ అన్నరు, పాస్‌పోర్టు దగ్గర వెట్టుకున్నరు, పని లేదు, పంపుడు లేదు. రెండు నెలలు చూసి అన్న రూం ఇడిసిపోయిండు. గట్ల కంపెనీని ఇడిసి కాయితాలు లేకుండ తిరిగేటోన్ని అక్కడ మనోళ్లు కల్లివెల్లి అంటరు. దొరికితే జైలే. ఎప్పుడన్న ఒకసారి అక్కడి సర్కారు ఆమ్నెస్టీ ఇస్తది, కాయితాలు లేనోళ్లు జైలు లేకుండ ఇంటికి పోవచ్చని. ఎప్పుడిస్తదో ఎవ్వలకు తెల్వదు. అన్న దానికే ఎదురుచూసుకుంట ఎక్కడో సిమెంటు పనికి పోతున్నడు.

సారు ముంగట నిలవడి అడిగిన. "ఎవ్వలకు చెప్పకు అన్న ముక్కనన్న కోసేయకపోతివా సారు?"

"చెల్లె, వీడియోల గదే కదా అసలు ముక్క," అన్నడు.

కుర్చీ తన్ని వచ్చిన. నిజంగనే తన్నిన. వారం రోజులు కాలు వాచి ఉన్నది.

అవ్వ తిట్టినా నిమ్మలముండు. ఒకనాడు బీడీల చాట ముంగట వెట్టుకొని మెల్లగ అడిగింది. "గన్నిటికి తారీఖులు రాస్తివి గద బిడ్డా. వాడు ఎప్పుడస్తడో గది జర చూసి చెప్పరాదు?" ఎక్కిరించలే. నేను నిజంగనే ఎక్కడనో చూసి రాస్తున్న అనుకున్నది ఇన్నొద్దులు.

మొన్న పగటిపూట అన్న ఎవలదో ఫోన్లకెళ్లి మెసేజ్ వెట్టిండు. ఒక లింకు, దాని కింద గొంతు. "చెల్లె, ఆమ్నెస్టీ గీ నెలాఖరుకే అట, ఇందుల రాసిన్రు. బ్యాగు సదురుకున్న. రేపటి నుంచి రానని పని కాడ గూడ చెప్పేసిన. అవ్వకు చెప్పు."

లింకు తెరిచిన. మా సారు సైటే. రాసింది ఎవలో కొత్త పిల్ల. గోడ మీది కాయితం చూసి దించింది, హెడ్డింగుల కన్సోల్ అని ఉండే కాడ ఆమ్నెస్టీ అని పెట్టింది, గంతే. "విశ్వసనీయ వర్గాల సమాచారం మేరకు, ఈ నెలాఖరులోగా ప్రకటన వెలువడే అవకాశాలు మెండుగా ఉన్నాయి." కామా గూడ నేను వెట్టిన కాడనే ఉన్నది.

"ఏమంటుండే, అస్తున్నడా?" అని అవ్వ చేతుల ఆకు పట్టుకొని నా మొఖం చూస్తున్నది.

గా నంబరుకే ఫోన్ చేసిన. "అన్నా, బ్యాగు ఇప్పు. పని ఇడువకు. అందులున్న మాట ఎవ్వలు చెప్పింది కాదు. అది నేను రాసింది," అని చెప్పిన.

"నువ్వు రాసిందా?" అన్నడు. గొంతుల మళ్ల గా సంబురమే. "అయితే నిజమే అయితది చెల్లె. పోయినసారి కరెక్టే చెప్పినవ్ గద."