చిన్నాన్నకి కుండమార్పిడి

నిన్న బ్రిక్‌ఫీల్డ్స్ వెళ్ళే రైల్లో ఎదుటి సీటు కుర్రాడు పిక్కలకి తైలం రాసుకుంటున్నాడు. ఆ ఘాటుకి, ఆటకి ముందు అలాగే రాసుకునే మా చిన్నాన్న గుర్తొచ్చాడు.

బాగన్ దాతుక్ దగ్గర మా పామాయిల్ తోట ఫుట్‌బాల్ జట్టులో గోలు కొట్టగలిగింది ఆయనొక్కడే. క్లాంగ్ పట్నంలో ఒక ఫ్యాక్టరీ జట్టు ఆయన్ని ఉద్యోగమిస్తాం రమ్మంది. వారమంతా మా వాకిట్లో అదే చర్చ.

"ఆడిని ఆల్లకిచ్చేసి, బదులు ఇద్దరు కుర్రోల్ని తెద్దాం. మూడేల్లు ఆగితే కప్పు మనదే లా!" అన్నాడు జట్టుని నడిపే అప్పన్న తాత, మా తోటల్లో అందరిలాగే మాట చివర 'లా' తగిలిస్తూ.

అప్పటికి చిన్నపిల్లనే అయినా నాకు వెంటనే అర్థమైపోయింది. మా ఇంట్లో జరిగింది కుండమార్పిడే కదా! అత్తని మావయ్యకిచ్చి, అమ్మని మా నాన్నకి తెచ్చుకున్నారు. ఒకరు వెళ్తే బదులు రావాల్సిందే. చిన్నాన్న బస్సెక్కిన సాయంత్రం ఆయన చాప పరిచి, పక్కన ఇంకోటి వేసి, గుమ్మంలో కూర్చున్నాను.

"ఏటే పిల్లా, ఎవులి కోసం?" అంది మామ్మ.

"కొత్త చిన్నాన్నలకి."

మామ్మ నవ్వలేదు. రెండు చాపలూ చుట్టేసింది.

క్లాంగ్ నుంచి కుర్రాళ్ళు రాలేదు. ఒక సంచీడు పాత బూట్లు వచ్చాయి. అవి తొడుక్కుని మా కుర్రాళ్ళు ఆట నేర్చుకున్నారు. నేర్చుకున్నవాళ్ళనల్లా మళ్ళీ క్లాంగే పట్టుకుపోయింది. అప్పన్న తాత ఏటేటా "మూడేల్లు ఆగితే" అంటూనే పోయాడు. మైదానంలో ఇప్పుడు పామాయిల్ చెట్లే.

చదువయ్యాక నేనూ క్లాంగ్‌కే వచ్చేశాను. నా బదులు తోటకి ఎవరూ వెళ్ళలేదు.