ఉప్పు చెప్పే మనిషి

"డాక్టర్లు నా నాలుక బాగానే ఉందన్నారు. అంటే నీ ఉప్పే బాగోలేదు. ఉప్పులో కూడా పొదుపేనా?"

"ఎప్పుడూ వేసినంతే వేశాను. నా చేతికి వంక పెట్టకండి."

"గడ్డి తిన్నట్టుంది."

"పోనీ, గడ్డి రుచైనా తెలిసిందన్నమాట."

మావారు రెండు ముద్దలు తిని లేచిపోయారు. నిన్న నా మోకాళ్ల రిపోర్టులు చూసి మా మనవరాలు "అంతా నార్మలే మామ్మా" అనేసరికి, రెండువేల పన్నెండులో మా చిక్కడపల్లి ఇంట్లో జరిగిన ఆ పోట్లాట గుర్తొచ్చింది.

దేవుడికి చూపించకుండా వంట రుచి చూడకూడదని మా అత్తగారు పెట్టిన నియమం. అందుకని కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఉప్పు నేను చేతి అంచనాతో వేయడం, మావారు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని తల ఊపడం, అప్పటిగ్గానీ నా మనసు కుదుటపడకపోవడం. ఆ పోట్లాట జరిగిన ఏడాది వానల్లో వచ్చిన జ్వరం తగ్గుతూ తగ్గుతూ ఆయన రుచిని కాస్తా పట్టుకుపోయింది. కాఫీ, కాకరకాయ ఒకటే అయిపోయాయి. తిండి సగమై, చొక్కా భుజాల మీద వేలాడుతుంటే డాక్టర్ల చుట్టూ తిరగడం మొదలుపెట్టాం.

నారాయణగూడలో ఒకరు నాలుక చూసి ముక్కు డాక్టరు దగ్గరికి పంపారు, ఆయన నరాల డాక్టరు దగ్గరికి పంపారు, తలకు ఫోటోలు కూడా తీయించారు. చివరికి అశోక్‌నగర్‌లో ఒక కుర్ర డాక్టరు మాత్రం ఉన్నమాట చెప్పాడు: "పరేషాన్ కాకు పెద్దమ్మ. రిపోర్టులన్నీ మంచిగనే ఉన్నయ్. జ్వరమొచ్చినంక కొందరికి గిట్ల అయితది. ఎందుకైతదో మాకు గూడ తెల్వదు. మళ్లొస్తదేమో చూడాలె."

నాలుగో తరగతితో చదువాగిన నాకు తెలియకపోతే సరే, అంత చదివినవాళ్లకీ తెలియకపోతే ఇంకెవరిని అడగాలి? మనిషి కళ్లెదుట చిక్కిపోతుంటే కాగితం మాత్రం అంతా బాగుందంటుంది. ఆ కాగితాన్ని నమ్మబట్టే మావారు నా ఉప్పును తప్పుపట్టారు. ఆ కోపం ఆయన మీదిదో, డాక్టర్ల మీదిదో నాకు ఇప్పటికీ తేలలేదు. ఆ రుచి ఆయనకు చివరిదాకా తిరిగి రానేలేదు.

ఇప్పుడు మా కోడలు పొయ్యి దగ్గరే గరిటెతో చారు అరచేతిలో పోసుకుని రుచి చూసేస్తుంది. మంచిదే, ఎవరి కోసమూ ఎదురుచూడక్కర్లేదు. మొదటి ముద్దకు తల ఊపే మనిషి లేని ఇంట్లో నియమాలు దేనికి?

ఆ పోట్లాట మర్నాడు పొద్దున మావారు పిలవకుండానే వచ్చి పీట మీద కూర్చున్నారు. పప్పన్నం కలిపి, మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, నా వైపు చూసి తల ఊపారు.

"ఉప్పు సరిపోయింది," అన్నారు.

మారు వడ్డించుకుని కంచం ఖాళీ చేసి లేచారు. తర్వాత నేను కూర్చుని ఒక ముద్ద తిన్నాను.

పప్పులో నేను ఉప్పే వేయలేదు.