లారీలకు తప్ప

ఆ రోజుల్లో లోకంలో పెళ్ళిచూపులకు మించిన గండం లేదనుకునేవాణ్ణి. గజపతినగరంలో కొత్తగా లెక్చరరుగా చేరాను. గరివిడిలో ఒక లారీల ఆసామి కూతుర్ని చూసొచ్చి, ఆ పరధ్యానంలో వారం రోజులు బోర్డు మీద సుద్దముక్క లేకుండా వేలితోనే పాఠం రాశాను. వాళ్ళ దగ్గర్నుంచి కబురు మాత్రం రాలేదు. ఇంతలో కాలేజీలో చర్చ పెట్టారు: పెట్రోలు, డీజిలు పొగ మీద కార్బన్ పన్ను వెయ్యాలా, వద్దా? చీటీ తీస్తే నాకు ‘వెయ్యాలి’ వచ్చింది. సాయంత్రం వేదికెక్కి చూద్దును కదా, మొదటి వరసలో లారీల ఆసామి! (కుర్రాడు నలుగురిలో ఎలా మాట్లాడతాడో చూద్దామని వచ్చాడట.) పక్కన ఆయన డ్రైవర్లు, ఒక్కొక్కరూ ఒక్కో లారీ అంత. నా గుండె చప్పుడుకి నెల్లిమర్ల జూట్ మిల్లులో షిఫ్టు మారిపోయి ఉంటుంది.

“పన్ను వెయ్యాలి” అన్నాను. ఆయన మీసం కదిలింది. “లారీలకు తప్ప” అన్నాను. వెనక ఆటోల వాళ్ళు గొణిగారు, ఆటోలనీ వదిలేశాను. ట్రాక్టర్ల రైతులు దగ్గారు, వాళ్ళనీ వదిలేశాను. చివరికి విమానాలు మిగిలాయి.

“మనూర్లో ఇమానం ఎవుడికున్నాది బావా?” అని ఎవరో అరిచారు. ఆ నవ్వులకి హాలు పైకప్పు ఎగిరి రామతీర్థం కొండ మీద పడింది.

లారీల ఆసామి లేచాడు. “ఒరే బాబూ, నా మొకం సూసి లారీలొగ్గేసినావు, ఆళ్ళ మొకం సూసి ఆటోలొగ్గేసినావు. రేపు మీయమ్మ మొకం సూసి మా పిల్లనొగ్గేస్తావేటి? నీకేటనిపిస్తన్నాదో అది సెప్పు.”

పెళ్ళి ఎలాగూ పోయిందనుకున్నాను. “లారీలకీ వెయ్యాలండి. పొగ వదిలేవాడు ఖర్చు పెట్టుకోకపోతే, పీల్చేవాడు పెట్టుకుంటున్నాడండి.”

ఆయన కూర్చున్నాడు. సభ అయ్యాక, “ఎక్కు, దింపేస్తాను” అన్నాడు. లారీలో ఇద్దరు డ్రైవర్ల మధ్య ఇరుక్కున్నాను. (చంపావతి వంతెన రాగానే నాకు ఈత రాదని గుర్తొచ్చింది.) మా ఇంటి ముందు బండి ఆపించి ఆసామి అన్నాడు: “పన్ను గురించి నువ్వన్నాది తప్పే. మనిషి పర్లేదు. ముహూర్తం సూడమని మీ నాన్నకి సెప్పు.”

ఇప్పటికీ డీజిలు ధర పెరిగినప్పుడల్లా మావగారు ఫోను చేస్తారు. “అల్లుడా, పన్ను ఏసీసినారు మీవోళ్ళు!” నేను వెంటనే లారీల కష్టాలు ఏకరువు పెట్టి చల్లబరుస్తాను. ఎవరి ముందు ఏది వదిలెయ్యాలో ఇప్పుడు నాకు బాగా వచ్చు. ఆ సాయంత్రం వణుకుతూనే నిజం చెప్పిన కుర్రాడు ఎటు పోయాడో గానీ, ఆయన పిల్లనిచ్చింది వాడికి. కాపురం చేస్తున్నది నేను.