చెక్క గరిటె

డెస్మండ్ ట్రెలోర్ పార్టీ కరపత్రాలు పంచడానికి బయలుదేరాడంటే కోటు జేబులో చెక్క గరిటె ఉండాల్సిందే. కుక్కలున్న ఇళ్లలో, తలుపుకుండే ఉత్తరాల సందులోకి కాగితాన్ని దానితోనే తోస్తాడు. లేకపోతే వేళ్లు దక్కవు. కుక్క లేని ఈనిడ్ హాకింగ్ ఇంట మాత్రం తలుపు తట్టి, కాగితం చేతికిచ్చి, టీ తాగి గానీ కదిలేవాడు కాదు. ఏనాడూ ఎర్ర పార్టీని వదలని ఆ ముసలామెను ఎన్నికల ముందు, "ఇక్కడ ఎర్ర పార్టీ ఎలాగూ గెలవదు, నీలం వాళ్లు రాకూడదంటే ఈ ఒక్కసారికీ మీ ఓటు మా పసుపు పార్టీకి అరువివ్వండి" అని బతిమాలాడు. ఆమె ఇచ్చింది. ఎవరికీ మెజారిటీ రాలేదు. ఓటు వేసే పద్ధతి మార్చాలా వద్దా అని జనాన్ని అడుగుతామన్న ఒక్క మాట పుచ్చుకుని, పసుపు పార్టీ వెళ్లి ప్రభుత్వంలో నీలం వాళ్ల పక్కనే కూర్చుంది.

ఇప్పుడా కొత్త పద్ధతి కరపత్రాలతో డెస్మండ్ మళ్లీ తిరుగుతున్నాడు. 'అభ్యర్థుల పేర్ల పక్కన మీకిష్టమైన వరుసలో అంకెలు వేయండి, ఇక ఎవరికీ ఓటు అరువివ్వక్కర్లేదు' అని వాటిమీద ఉంది. ఈనిడ్ గుమ్మంలో తట్టబోయిన చెయ్యి ఆగిపోయింది. చప్పుడు కాకుండా గరిటె తీసి కాగితాన్ని సందులోకి నెట్టాడు. గరిటె వెనక్కి రాలేదు. లోపల ఎవరో గట్టిగా పట్టుకున్నారు.

"ఏమయ్యా డెస్మండ్," అంది ఈనిడ్ తలుపు తీయకుండానే, "నేను కరుస్తానని నీకెవరు చెప్పారు?"

డెస్మండ్ గరిటెను ఆమె చేతికే వదిలేసి పక్కింటి వైపు నడిచాడు.